మునగాకు ముందు నువ్వు తిను

తాయారూ,

మునగాకు దూసి, కడిగి వంటింట్లో చేటలో ఆరబోశాను. పెసరపప్పు వేసి వండు. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకో. ఆస్పత్రిలో ఇచ్చిన రక్తం మాత్రలు మానకు, కాఫీతో మాత్రం వేసుకోవద్దన్నారు. నేను చేలో వరికి జింకు మందు కొట్టించి సాయంత్రానికి వస్తాను.

నిన్న నువ్వు సూదిమందు వేయించుకోడానికి లోపలికి వెళ్ళినప్పుడు నర్సమ్మగారు నన్ను నిలబెట్టి అడిగారు. "ఆవిడకి రక్తం ఏడు పాయింట్లే ఉందండి. మీ పెరట్లో మునగచెట్టు లేదా ఏంటి?"

ఉందండి అన్నాను.

"మరి ఆకంతా ఎవరు తింటున్నారండీ, మేకలా?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. తింటున్నది నేనే. మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

నా మోకాళ్ళ నొప్పులకు మంచిదని వారానికి రెండుసార్లు వండుతావు. నేను మారు వడ్డించుకుంటాను. నువ్వు ఖాళీ మూకుట్లో అన్నం కలుపుకుని తినడం ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను. నీకు ఆ కూర ఇష్టం లేదేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువైంది.

వరిచేను కాస్త పాలిపోతే గట్టు మీంచే పోల్చుకుంటాను. నీ ముఖం పాలిపోయిందని మాత్రం పరాయి మనిషి చెప్పాలి. ఈ మాట బస్సులోనే అందామనుకున్నాను. సిగ్గేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

నాకు కొంచెం తీసి మూత పెడతావని తెలుసు. పెట్టకు. రాత్రికి నేనే నీకు వడ్డిస్తాను. నవ్వకు.