లైమన్‌కు నేను అందించిన మూడు జవాబులు

పెన్సిల్వేనియా రాష్ట్రం, హాకెట్స్ రన్ ఊరి కాపురస్తుడను, గనిలో దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంపుల గదిలో పనిచేసి విరమించినవాడను, కీర్తిశేషులు యోసెఫ్ హ్రుష్కా కుమారుడను, అరవై నాలుగేళ్ల ఎమిల్ హ్రుష్కా అను నేను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. బొగ్గు ధూళికి నా ఊపిరితిత్తులు చెడ్డాయి గాని బుద్ధి చెడలేదు. డాక్టరు కాగితం జతచేశాను. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా మేనకోడలు లుడ్‌మిలాది.

1. లుడ్‌మిలాకు నా కారు, మా అమ్మ పిండి వత్తిన చెక్కపీట. వాల్‌నట్ చుట్టరొట్టె నీ అంత బాగా ఎవరూ చేయరు తల్లీ, పంచదార మాత్రం తగ్గించు.

2. మా బావ రూడీకి నా మంచు పార. పన్నెండేళ్లుగా ఆయన దగ్గరే ఉంది కనుక అప్పగించే శ్రమ లేదు.

3. నేను చదివిన కాలేజీకి ఏమీ చెందదు. 1951లో తొమ్మిది ఆటలకు తొమ్మిదీ గెలిచిన మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఫోటో వాళ్ల గోడ మీద ఉంది, అది చాలు. నలభయ్యో వార్షికోత్సవానికి, ఆ జట్టులో నాతో ఆడిన లైమన్‌ను చక్రాల కుర్చీలో మైదానమంతా తిప్పి చప్పట్లు కొట్టించారు. వాళ్లను నేను క్షమించలేదు. ఆ కుర్చీ తోసినవాడిని నేనే, నన్నూ క్షమించుకోలేదు.

4. సంరక్షణాలయంలో లైమన్‌ను చూసుకునే కార్డెల్‌కు నా గడ్డం కత్తి, బ్రష్షు. ఆదివారాలు ఇక నువ్వే గీయాలి నాయనా. ఎడమ దవడ మీద ఎదురు గీయకు, అతనికి మంట.

5. నా ఇల్లు, స్థలం సర్వహక్కులతో లైమన్ ప్రిచర్డ్ భార్య వర్నాకు చెందవలెను. గడప దగ్గర మెట్లు తీయించి, కుర్చీ దొర్లేలా ఏటవాలు బాట వేయించాను. ఆమె ఉండేది మూడో అంతస్తు కనుకనే లైమన్ ఇంటికి రాలేకపోతున్నాడు. ఇక్కడికైతే రాగలడు.

అయితే తాళంచెవులు ఇచ్చేముందు, కింద రాసినది లుడ్‌మిలా ఆమెకు చదివి వినిపించాలి.

వర్నా, మా కోచ్ డింగ్‌వాల్‌కు ఒక పద్ధతి ఉండేది. తలకు దెబ్బ తగిలినవాడిని బెంచీ మీద కూర్చోబెట్టి, ముక్కు దగ్గర అమ్మోనియా పెట్టి, మూడు ప్రశ్నలు వేసేవాడు. "ఊరేదిరా? స్కోరెంత? వచ్చే శనివారం ఎవరితో ఆట?" మూడూ సరిగ్గా చెబితే మైదానంలోకి, ఒకటి తప్పినా ఆ రోజుకు బెంచీయే. డాక్టరు లేని జట్టుకు అదే వైద్యం.

నవంబరు పదిహేడు, ఆఖరి ఆట. స్కోరు ఏడు–ఏడు. బంతి చంకన పెట్టుకుని దూసుకెళ్లిన లైమన్‌ను ఇద్దరు ఒకేసారి గుద్దారు. బెంచీ దగ్గరికి తీసుకొచ్చింది నేను. నన్ను చూసి "నువ్వెవరు?" అన్నాడు. కోచ్ ఇంకా పది అడుగుల దూరంలో ఉన్నాడు. నేను లైమన్ చెవి దగ్గర వంగి, "ఊరు మనదే. ఏడు–ఏడు. వచ్చే వారం ఆట లేదు" అన్నాను. బడిపిల్లాడిలా అప్పజెప్పాడు. "వీడి బుర్ర దివ్యంగా ఉందిరా, పంపండి!" అన్నాడు కోచ్.

మళ్లీ దిగాక నాలుగోసారి బంతి పట్టుకుని గోల్ గీత దాటి పడ్డాడు. మేం గెలిచాం. అతను లేవలేదు.

పదకొండు రోజులకు కళ్లు తెరిచాడు. అయినా మరుసటి జూన్‌లో నువ్వతన్ని పెళ్లాడావు. నలభై మూడేళ్లుగా ఎవరేమడిగినా అతను ముందు "ఏడు–ఏడు" అంటాడు. నర్సులు ముద్దుగా నవ్వుతారు. ఆ మాట నేర్పింది నేను. అతను నన్ను అడగలేదు. ఒక్క ఆట కూడా ఓడకుండా ఏడాది ముగించాలని నాకే ఉండింది.

"మా ఆయన జట్టులో మిగిలిన మనిషివి నువ్వొక్కడివేనయ్యా ఎమిల్" అని నువ్వన్న ప్రతిసారీ చెప్పాలనుకున్నాను. చెబితే ఆదివారాలు రానివ్వవని భయపడ్డాను. పిరికితనమే, ఇంకో పేరు లేదు.

ఇల్లు వద్దంటే ఆమెను ఎవరూ బతిమాలరాదు. అమ్మి, వచ్చినది లైమన్ సంరక్షణకు వాడవలెను.

6. కొండ మీది శ్మశానంలో, ప్రిచర్డ్‌ల స్థలంలో, లైమన్‌కు ఉంచిన చోటు పక్కన నాకొక చోటు వర్నా తొమ్మిదేళ్ల కిందట రాసిచ్చింది. "నీకు మాత్రం మేం కాక ఇంకెవరున్నారు, మా దగ్గరే పడుకుందువులే" అంది. అది తెలియక ఇచ్చిన చోటు. ఆ కాగితం ఇందుతో ఆమెకు తిరిగి ఇస్తున్నాను. అయిదో అంశం విన్నాక మళ్లీ ఇస్తేనే నన్నక్కడ పెట్టండి. లేకపోతే ఎక్కడైనా సరే. ఆమె నోరు విప్పేదాకా, ఎన్ని రోజులైనా, నన్ను పూడ్చకుండా ఆగండి. లుడ్‌మిలా, ఏం చెప్పాలో నువ్వు ఆమెకు సూచించకు.

1994 అక్టోబరు 11, మంగళవారం, హాకెట్స్ రన్.

(సంతకం) ఎమిల్ హ్రుష్కా

మా ఎదుట చదివి సంతకం చేశారు. సాక్షులు:
ఆగ్నెస్ టిబెన్‌స్కీ, పొరుగింటి ఆమె
వెండెల్ మోగ్, గని కార్మిక సంఘం గుమాస్తా