ఫోన్ ముందు కూర్చున్న పోస్టుమాస్టరు

ఏమండీ,

మీరు చనిపోయి ఏడాదయ్యాక ఈరోజు కలం పట్టాను. కోపం పట్టించింది.

మీ కుర్చీలోకి వచ్చిన కొత్త పోస్టుమాస్టరు మహా మేధావి. చీరాలకు ట్రంకు కాల్ బుక్ చేసి, గంట మోగేదాకా ఫోన్‌నే చూస్తూ కూర్చుంటాడు. మీరైతే ఈలోగా పదిమంది పని చూసి, మోగగానే ఫోనెత్తేవారు.

నిన్న నేను పింఛను కోసం పోస్టాఫీసులో ఉండగా మస్తాను పరుగెత్తుకొచ్చాడు. "మా నాయన పోయాడు సారూ! సాయంత్రమే మట్టి. గుంటూరులో తమ్ముడికి టెలిగ్రాం కొట్టండి!"

"ఆగవయ్యా! ఒక పనయ్యాకే ఇంకోటి."

"టెలిగ్రాం మిషను ఖాళీగానే ఉంది కదా బాబూ?" అన్నాను.

"ఆఫీసు పనులు మీకు తెలీవులెండి."

కాల్ రెండు గంటల తర్వాత వచ్చింది. అదయ్యాకే టెలిగ్రాం కొట్టాడు. తమ్ముడు బస్సు దిగేసరికి తండ్రికి మట్టి ఇచ్చేశారు.

ఆ మూర్ఖుడి కోసం ప్రార్థించబోయాను. నోరు రాలేదు. ఈ కాగితం మీ బైబిల్లో పెడుతున్నాను. దాచుకోండి, పాస్టరుగారికి మాత్రం చూపకండి.