ఏ పెట్టె అమ్మది

ప్రియమైన ఆరియాకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నా ఆరోగ్యానికి లోటు లేదు. మీ బల్బీనా పిన్ని కూడా, మోకాళ్ళ సంగతి వదిలేస్తే, బాగానే ఉంది. బిల్బావోలో నువ్వూ అల్లుడూ పాపా కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు. తింటున్నాను. వారానికోసారి పిన్ని శనగలూ పందిమాంసమూ వండి తెచ్చి, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంటుంది. రక్తపోటు మాత్రలు మానలేదు. అమ్మ కోట్లు ఎవరికీ ఇవ్వలేదు. ఇమ్మని మళ్ళీ రాయకు. పాప కాలేజీలో తత్త్వశాస్త్రం చదువుతానంటోందని రాశావు. వద్దనను. మంచి పని అని చెప్పమని మాత్రం నన్ను అడగకు.

ఇక శ్మశానం సంగతి. ఫోనులో ముక్కలుగా చెప్పాను. ఇప్పుడు మొత్తం రాస్తాను.

మార్చి వానలకు అక్కడ శవపేటికలుంచే గూళ్ళ గోడ ఒరిగింది. అది కూలకముందే అందులోని వాళ్ళందరినీ కొత్త గోడలోకి మార్చాలనుకున్నారు. పేర్లున్న రాతిపలకలు ముందే ఊడదీశారు. తరవాత ఒక్కో గూడు తెరిచి, పుచ్చిపోయిన శవపేటికలో మిగిలిన ఎముకల్ని చిన్న రేకు పెట్టెలోకి ఎత్తి, మూత మీద సుద్దతో గూటి అంకె వేశారు. పని మధ్యలో వాన పడింది. చూరు కిందున్న పెట్టెలకు ఏమీ కాలేదు. చివర్న ఆరుబయట ఉన్న రెండింటి మీద అంకెలు కొట్టుకుపోయాయి. ఒకటి మీ అమ్మది. రెండోది పక్క గూటి నియెవెస్‌ది, అదే, మన వీధి చివర దొమితీలమ్మ కూతురిది. ఇద్దరూ ఒకే చలికాలంలో పోయారు.

కబురు రాగానే పిన్నీ నేనూ వెళ్ళాం. దొమితీలమ్మ అప్పటికే అక్కడ స్టూలు మీద కూర్చుని ఉంది. కాటికాపరి సతూరియో టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"మాష్టారూ, ఎలా చెప్పాలో తెలీటం లేదు. ఇది మీదో, అది మీదో..."

పిన్ని సంగతి నీకు తెలుసుగా. "సుద్దా! సంతకు తోలే గొర్రెలకైనా రంగు పూస్తారు కదయ్యా! మా అక్క గొర్రెకన్నా తీసిపోయిందా?"

"ఎప్పుడూ సుద్దేనమ్మా. ఇన్నేళ్ళలో ఎన్నడూ తడవలేదు."

"తడవలేదట! వాన రాదని దేవుడు నీకు మాటిచ్చాడా?"

మూతలు తీయించాను. ఇద్దరూ చిన్న కట్టు మనుషులు. వయసు కూడా దాదాపు ఒకటే. రెండు పెట్టెల్లోనూ ఎముకల మధ్య ఒకే రకం నల్లపూసల జపమాల. మన చర్చి భక్తబృందంలో చేరిన ఆడవాళ్ళందరికీ పోయాక చేతికి చుట్టేది అదే. మీ అమ్మ ఉంగరం నా దగ్గరే ఉంది. దాన్ని ఆమె వేలికే ఉంచి ఉంటే బాగుండేది.

దొమితీలమ్మ పెట్టెల వంక చూడలేదు. నా మొహంలోకే చూసింది.

"మాష్టారూ, మా మనవడు మీ దగ్గర చదివాడు. ఇది అది ఎందుకు కాదో మా అయ్యవారు ఏడాదంతా చెప్తారు నానమ్మా అని నవ్వేవాడు. ఇప్పుడు చెప్పండి. నా బిడ్డ ఏది?"

ఆవిడ ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది.

అవును, తత్త్వశాస్త్రం పాఠంలో ఏటా అదే చెప్పాను. ఇద్దరూ మనుషులే అయినప్పుడు వాళ్ళని ఇద్దరుగా చేసేది ఏమిటి? వాళ్ళు తయారైన మట్టి అని ఒక గురువు. మట్టి కాదు, ప్రతి జీవి మీదా పడిన, ఇంకెవరి మీదా పడని ముద్ర అని ఇంకొకరు. మన సాలమాంకా విశ్వవిద్యాలయంలోనే చదువుకున్న మూడో ఆయన ఇవేవీ అక్కర్లేదన్నాడు. ఉన్న ప్రతిదీ తన ఉనికి వల్లనే తానవుతుంది, బయటి నుంచి ఏదీ తగిలించనక్కర్లేదు. నేను ఆయన పక్షం. మీ అమ్మ కసీల్దా, కసీల్దా కావటానికి కసీల్దా ఉంటే చాలు. పిల్లలతో ఇంకో మాట కూడా అనేవాణ్ణి. ఒకటి అదే కావటం వేరు, అదేనని మనం గుర్తుపట్టటం వేరు. ఈ రెండూ కలిపి రాస్తే మార్కులుండవు. ఆ రోజు ఆ రెంటికీ మధ్యనున్న దూరంలో నిలబడ్డాను. మొదటిదాని మీద నాకిప్పటికీ అనుమానం లేదు. రెండోదానికి నా చదువంతా కలిసి ఒక సుద్దముక్క పాటి కూడా చెయ్యలేదు.

ఇంతవరకూ నీకు కొంత తెలుసు. చెప్పనిది ఇది.

అమ్మను గుర్తుపట్టానని ఫోనులో అన్నాను. గుర్తుపట్టలేదు. ఎడమ పెట్టె మీద చెయ్యి వేసి "ఇది కసీల్దా" అన్నాను. "ఎలా తెలిసింది బావా?" అంది పిన్ని. "కాపురం చేసినవాణ్ణి, తెలీదా?" అన్నాను. దొమితీలమ్మ రెండో పెట్టెను ఒళ్ళోకి తీసుకుని, రేకు మీద బుగ్గ ఆనించి, "వచ్చావా తల్లీ, తడిసిపోయావా" అంది. సతూరియో శిలువ గుర్తు వేసుకున్నాడు. నా మాట చాలింది అందరికీ. చాలనిది నాకొక్కడికే.

పిన్ని తన అనుమానం నీకు రాసినట్టుంది. నీ ఉమ్మి నమూనాతో, ఒక పంటి ముక్కతో అక్కడి ఆసుపత్రిలో డీఎన్ఏ పరీక్ష చేసి తేల్చేస్తారని రాశావు. వద్దు ఆరియా. నా మాట తప్పని తేలితే ఆ ముసలామెకు ఎవరు చెప్పాలి? వసంతం నుంచీ పరాయి మనిషిని బిడ్డా అంటున్నావని నేను చెప్పలేను. ఆవిడ తొంభైకి దగ్గర పడింది. సరైనదేనని తేలినా నాకు దొరికేదేమీ లేదు. ఆ ఎముకలు మీ అమ్మవని తెలుస్తుంది. అవి మీ అమ్మ అని కాదు. ప్రాణం పోయాక శవం చెయ్యి పేరుకే చెయ్యి అని కూడా పిల్లలకు నేనే చెప్పేవాణ్ణి.

చివరి రోజున దేవుడు ఎవరి ఎముకలు వాళ్ళకు సర్దుతాడని ఫాదర్ అంటున్నారు. కావచ్చు. ఆ నమ్మకం నాలో అమ్మతోనే ఆరిపోయింది. ఆయనకు ఆ మాట చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

నా తరవాత నన్ను ఆ ఎడమ పెట్టెతోనే ఒకే గూట్లో పెడతారు. పక్కన ఉండేది మీ అమ్మో, నియెవెస్సో తెలీకుండానే. అందుకు ఒప్పుకున్నాను. ఓదార్పు అనుకోకు, కాదు.

నిన్న దొమితీలమ్మ గుమ్మం దగ్గర ఆపింది. "సకల పరిశుద్ధుల పండగకి పైగూటి దాకా నిచ్చెన ఎక్కలేను మాష్టారూ. మీరు మీ ఆవిడకు చామంతులు పెట్టేటప్పుడు మా పిల్లకూ నాలుగు పెడతారా?" పెడతానన్నాను. రెండు గూళ్ళ ముందూ నిచ్చెన వేస్తాను. ఏ మెట్టు మీద నేను భర్తనో, ఏ మెట్టు మీద పొరుగువాణ్ణో నాకు తెలీదు.

పాప అమ్మమ్మ ఎక్కడుందని అడిగితే ఆ గోడలో ఉందని చెప్పు. అంతకంటే దగ్గరగా మనలో ఎవరమూ వెళ్ళలేం.

ఇట్లు,
మీ నాన్న,
ఎవుతీమియో