రెండు చుక్కలూ, ఒక మరకా

రిటైరైన స్టోర్ కీపర్ గారికి,
నమస్కారం. మీరు కాపలా కాసిన గదిలో, టెలిస్కోపుతో తీసిన గాజు ఫోటోల మీద ఇప్పుడు నేను చుక్కలు కొలుస్తున్నాను. ఆరు నెలల ఉద్యోగం. ఓ పెద్ద గ్రహం చుట్టూ, చాలా దూరంగా, ఊరంత బుల్లి చందమామ ఒకటి తిరుగుతోంది. ఇంతవరకు రెండే ఫోటోల్లో చిక్కింది. రెండు చుక్కలతో దాని దారి కచ్చితంగా తేలదు. నా లెక్క ప్రకారం పంతొమ్మిదేళ్ళ కిందటి 614వ ఫోటోలో మూడో చుక్క ఉండాలి. అరలో ఆ చోటు ఖాళీ. రిజిస్టరులో ‘పనికిరాదు’ అని మీ సంతకం. అదెక్కడుందో చెప్పగలరా?
ఇట్లు, కొలతల గది అమ్మాయి
తా.క. మీ కుర్చీ ఎడమకి ఒరిగింది. ఎప్పుడూ కిటికీ వైపే చూసేవారా?

ఇన్‌స్పెక్షన్ మేడమ్ గారికి,
చందమామ పేరు చెప్పి స్టోరు తనిఖీ చేస్తారని తెలియదు. నా కాలంలో తిన్నగా అడిగేవారు. 614 పగిలింది. ముక్కలు నేనే ఎత్తిపోశాను. దీనికీ నా పెన్షన్‌కీ సంబంధం లేదని మనవి.
విధేయుడు, స్టోర్ కీపర్ (రిటైర్డ్)
తా.క. కిటికీకి సరిపోయే గాజులు అప్పట్లో చాలా పోయాయి. ఒక్క 614 మీదే ఎందుకు పడ్డారు?
మరో తా.క. నిజంగా ఊరంతే ఉంటుందా?

స్టోర్ కీపర్ గారికి,
కిటికీ గాజుల మాట నేనెత్తలేదండీ. నేను ఇన్‌స్పెక్టర్ని కాను, నాకు సొంత పెన్సిలైనా ఇవ్వలేదు. నెలాఖరుకి నా ఉద్యోగం సరి. ఆ తర్వాత దీన్ని వెతికేవాళ్ళు లేరు, మళ్ళీ తప్పిపోతుంది. ఇది మిగతా చందమామలు తిరిగే వైపు కాదు, ఎదురు తిరుగుతుంది. అక్కడ పుట్టింది కాదు, దారిన పోతుంటే గ్రహం పట్టేసుకుంది. ఆ రోజు టెలిస్కోపు గ్రహం వెంట కదిలింది కాబట్టి 614లో నక్షత్రాలన్నీ గీతల్లా సాగి ఉంటాయి. చందమామ మాత్రం గుండ్రటి చుక్క.
ఆశతో, కొలతల గది అమ్మాయి
తా.క. ముక్కలైనా సరే, అతికించుకుంటాను.

అమ్మాయీ,
మా బావమరిదీ అంతే. నాలుగు రోజులుంటానని వచ్చి ముప్ఫై ఏళ్ళుగా మా చుట్టే తిరుగుతున్నాడు, అదీ ఎదురు తిరుగుతూ. నీ చందమామ సంగతి నాకర్థమైంది.
614 పగల్లేదు. డైరెక్టరు పారేయమంటే మనసొప్పక ఇంటికి తెచ్చి బాత్‌రూమ్ కిటికీకి బిగించాను. బొమ్మ వైపు మరో గాజు వేశాను, అందుకే బతికింది. మా ఆవిడ గీతల్ని డిజైననుకుంది, చుక్కని మరకనుకుంది. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం సబ్బు పెట్టి తోముతోంది. వదలట్లేదని నన్నూ దాన్నీ కలిపి తిట్టేది. నీ ఉత్తరం వినిపిస్తే, “ఊరంత దాన్ని ఇన్నాళ్ళూ తోమానా” అని స్టూలు మీద కూలబడింది.
నా స్వెట్టర్లో చుట్టి పంపుతున్నాను. తెచ్చేది మా బావమరిది.
ఆశీస్సులతో, దొరికిపోయినవాడు
తా.క. వేరే గాజు పంపు. చుక్క ఉన్నా పర్వాలేదంది మా ఆవిడ.

స్టోర్ కీపర్ గారికీ, అమ్మగారికీ,
నా చుక్క నేను లెక్కేసిన చోటే ఉంది, మూలగా, కిటికీ చట్రం ఆనిన చోట. మీకెవరికీ కనబడి ఉండదు. అంటే అమ్మగారు తోమింది అది కాదు.
ఆ మరకని కూడా మైక్రోస్కోపు కింద పెట్టాను. మురికి కాదు. నక్షత్రాల్లా సాగకుండా, గుండ్రంగా, ఫోటోలోనే ఉంది. మా జాబితాల్లో దేన్లోనూ లేదు. ఇంకో చందమామ అయి ఉండొచ్చు. తేల్చడానికి నన్ను మరో ఏడాది ఉంచుకున్నారు. ప్రస్తుతానికి రిజిస్టరులో ‘అమ్మగారి మరక’ అని రాశాను.
మీ కుర్చీలో కూర్చున్న అమ్మాయి
తా.క. కొత్త గాజు మీ బావమరిది గారితో పంపుదామనుకున్నాను. ఆయన వచ్చిన దగ్గర్నుంచీ మా క్యాంటీన్ చుట్టే తిరుగుతున్నారు. ఎప్పుడు బయల్దేరతారని అడిగితే, నాలుగు రోజుల్లో అన్నారు.