పలకని తలుపు

చిరంజీవి సింధూరిని నీ మావయ్య దీవించి రాస్తున్నది. గరివిడిలో అందరం కులాసా. మీ అమ్మ నోరు మరీ కులాసా. ఫోన్లో మాట్లాడితే పక్కన చేరి చెవి పెడుతుందని, ఏడో తరగతితో బడి ఎగ్గొట్టిన ఈ చేత్తో పూణెకి ఉత్తరం రాస్తున్నాను. తప్పులు ఏరకు.

"నా పనేటో తెలిసిందా మావా?" అని నీ ఉత్తరంలో అడిగావు. తెలిసింది. బస్సుని నడిపే కంప్యూటరు బుర్రని ఒకే ముద్దగా చేయకుండా ముక్కలుగా కడతారు. తలుపు చూసుకునే ముక్క వేరు, బ్రేకు చూసుకునే ముక్క వేరు. ఒకటి పాడైతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. ఒకదాని పనిలో ఇంకొకటి వేలు పెట్టదు, అడిగినదానికి జవాబు మాత్రం ఇస్తుంది. అలాంటి కాపురం మన ఇంటావంటా లేదు.

తలుపు ముక్క పలక్కపోతే మూసుకున్నట్టే అనుకుని బస్సు కదిలించేద్దామని మీ పెద్దసారు అన్నాడట. మెట్టు మీద ముసలమ్మ ఉంటే ఏమవుతుందని నువ్వు ఎదురు తిరిగి, జవాబు వచ్చేదాకా బ్రేకు వదలకూడదని పట్టుబట్టి గెలిచావట. అది చదివి నా కిరాణా కొట్లోనే గంతేశాను. బెల్లం కొనడానికొచ్చిన అసిరయ్య జడుసుకున్నాడు.

అంత మొనగత్తెవి, ఇంటి దగ్గర ఏం చేశావే? పాతపట్నం బట్టలకొట్టు వాళ్ళ సంబంధం గురించి మీ అమ్మ అడిగితే ఉలుకూ పలుకూ లేదు. "పిల్ల ఊరుకున్నాదంటే ఒప్పీసుకున్నట్టే" అని ఆవిడ తాంబూలాలకి ముహూర్తం పెట్టించేసింది. నాకు ఒళ్ళు మండింది.

ఇక దాచిన సంగతి చెప్తాను. నిన్న సరుకు పనని అబద్ధమాడి పాతపట్నం వెళ్ళాను. పెళ్ళికొడుకు తండ్రి నారాయణమూర్తి జంతికలు పెట్టించి, "పిల్ల ఏటన్నాది బావా?" అన్నాడు.

"ఏటీ అన్లేదు."

"మౌనం అర్ధాంగీకారం కదేటి!"

"మరి రెండో సగం ఎవుడిస్తాడు? నువ్విస్తావేటి?"

జంతికల పళ్ళెం లోపలికి పోయింది. తాంబూలాలు ఆగిపోయాయి.

ఇంటికొచ్చేసరికి మీ అమ్మకి కబురు అందేసింది. "నా కూతురి పెళ్ళి ఆపడానికి నువ్వెవుడివిరా?" అని చీపురు తీసింది.

"దాన్నడగమనీవోడినే అక్కా. కొట్టీ, ఇంకోపాలి కూడా అదే అంటాను" అన్నాను. కొట్టింది. అన్నాను.

వాళ్ళకి నేను సంబంధం వద్దని చెప్పలేదు. నీ జవాబు రాలేదని మాత్రమే చెప్పాను. కుర్రాడు నచ్చితే చెప్పు, వాళ్ళ గుమ్మంలో గుంజీళ్ళు తీసైనా సంబంధం తిరిగి తెస్తాను. నచ్చకపోతే అదీ నీ నోటితోనే చెప్పు. నాక్కాదు, మీ అమ్మకి. అప్పటిదాకా తాంబూలాల మాటెత్తినవాళ్ళకి నేను అడ్డం. ఎవరొస్తారో రానీ.

ఇట్లు,
ప్రస్తుతం మీ ఇంట్లో మంచినీళ్ళు కూడా పుట్టని
నీ మావయ్య
ధనరాజ్