వేలిముద్ర లేని వీడ్కోలు

సైనిక స్థావరాధిపతి గారికి,

మిత్రుణ్ణి మట్టికి అప్పగించే వేళ అతని తలాపున నిలిచి బైబిలు వాక్యం చదవడం బతికినవాడి కడపటి ధర్మం. నిన్న మీ ప్రార్థనామందిరంలో ఏమస్ టిలరీకి అంతిమ సంస్కారం జరిగింది. గ్రంథపఠనం నా చేతనే చేయించమని అతడు కోరి పోయాడు.

ద్వారం వద్ద నా మాజీ సైనికుని కార్డు చూపాను. యంత్రంపై వేలిముద్ర కూడా వేయమన్నారు. యుద్ధంలో మండుతున్న వాహనం తలుపు పట్టి ఏమస్‌ను బయటికి లాగిన నాడే నా వేళ్ళ గీతలు కాలిపోయాయని విన్నవించాను.

"వేళ్ళు ఇంట్లో మర్చిపోయొచ్చావా తాతా?" అని కాపలా సైనికుడు నవ్వాడు. "మిషన్ నిన్నెరగనంటోంది. వెనక కార్లు ఆగిపోయాయి, బండి తిప్పు."

కంచె బయట నిలబడి తుపాకుల వందనం విన్నాను. నా వాక్యం అక్కడే, ఎవరికీ వినబడకుండా చదివాను.

సాయంత్రం ఏమస్ భార్య ఫోన్ చేసింది. "ఒక్క పూట రావడానిక్కూడా తీరలేదా అన్నయ్యా?" అని, నా జవాబు వినకుండానే పెట్టేసింది.

ఆ కాపలా కుర్రవాణ్ణి దండించవద్దు. అతని చేతులు చూశాను. గీతలు చెక్కుచెదరలేదు. మీ ద్వారం దాటి యుద్ధానికి వెళ్ళే బిడ్డలందరూ మీ యంత్రం గుర్తుపట్టే చేతులతోనే తిరిగి వత్తురు గాక.