పలకని నేల

హౌగాంగ్,
ఆదివారం

అన్నకు,

నీ చెల్లెలు వేణి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, నువ్వేం దిగులు పెట్టుకోవద్దు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బండల పాలిష్ దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నావా, వదినకు మాటిచ్చి ఊరుకున్నావా? ఇక్కడ మధ్యాహ్నం వాన, వెలిస్తే ఉక్క. ఆఫీసులో పని ఎక్కువే కానీ తిండికి లోటు లేదు.

ఇక అసలు సంగతి. అన్నా, నేను గెలిచాను.

కాళ్ళతో తొక్కుతూ ఆడే డాన్స్ మిషన్ కొన్నానంటే, నలభై రెండేళ్ళకు ఇదేం పిచ్చి అని నవ్వావు కదా. నవ్వుకో. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని, ఈ పరాయి దేశంలో ఒంటరితనం మరిచిపోయేది ఆ అరగంటే. ఆటల గదికి నేల కూడా నేనే ఎంచాను, బండల వ్యాపారి కూతురిని కాబట్టి. నాన్న నాపరాళ్ళను చూసినట్టే అంగడిలో ఒక్కో టైలునూ వేలి కణుపుతో కొట్టి, పగులు లేకుండా ఖంగుమన్నదాన్నే తెచ్చి వేయించాను.

మొదటిరోజే కింది ఇంటి చైనీస్ ఆంటీ పైకి వచ్చింది. నేను ఎగిరితే వాళ్ళ గిన్నెలు మోగుతున్నాయట. మా ఆయన చెప్పాడని తివాచీ పరిచాను. మోత తగ్గలేదు సరికదా, ఈ ఉక్కకు అది ముక్కిపోయింది. ఆంటీ మళ్ళీ వచ్చింది.

"ఇంకొక్క తూరి ఆయమ్మ పైకొచ్చిందంటే మిషన్ అమ్మేసేదే" అన్నాడు మా ఆయన.

వారం పాటు మిషన్ మీద దుప్పటి కప్పి ఉంచాను. చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది. అప్పుడు తట్టింది, నాన్న చేసే ఆ పరీక్ష రాళ్ళు అమ్మడానికే గానీ ఎగిరే నేలకు పనికిరాదని. మళ్ళీ అంగడికి పోయి అన్నీ కొట్టి చూశాను, ఈసారి పలకనిదాని కోసం. ఓ మూలన బొటనవేలంత మందం నల్ల రబ్బరు దొరికింది. ఎంత కొట్టినా కిక్కురుమనలేదు. "ఆంటీ, దిస్ వన్ ఫర్ జిమ్ లా" అని అంగడాయన నన్ను చూసి నవ్వాడు, అది కసరత్తు చేసేవాళ్ళకట. దాన్నే టైళ్ళ మీద పరిపించాను. ఇల్లంతా సైకిల్ షాపు వాసన.

నిన్న ఆంటీకి పులిహోర ఇచ్చి, కాసేపట్లో ఆడతాను, మోత వినిపిస్తే ఫోన్ చేయమని చెప్పి వచ్చాను. మూడు పాటలకు ఒళ్ళు దాచుకోకుండా తొక్కాను. ఫోన్ మోగింది. మా ఆయన పక్కనే ఉన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"యూ నాట్ స్టార్ట్ యెట్, ఆ? ఐ వెయిట్ సో లాంగ్ ఆల్రెడీ" అంది ఆంటీ.

ఆట ఎప్పుడో అయిపోయిందని చెప్పాను. మా ఆయన పోయి మిషన్ మీది ఆ దుప్పటి మడిచి బీరువాలో పెట్టాడు.

ఎవరైనా ఇటు వస్తుంటే వదినతో కాస్త చెనిక్కాయల పొడి కొట్టించి పంపు. పెద్దమ్మకు దండాలు చెప్పు, ఆమె దీవెన ఎప్పుడూ కావాలి. పిల్లలకు ముద్దులు. నువ్వు వచ్చినప్పుడు ఊరుకోవని తెలుసు, వంగి నా నేలను కొట్టి చూస్తావు. ఏమీ పలకదు. అప్పుడు నన్ను మెచ్చుకో, చాలు.

ఇట్లు,
ఎగరడం మానకుండా, ఇంకా ఎగురుతూనే ఉన్న నీ చెల్లెలు
వేణి